కారును తీసేస్తాము, గదిని మాత్రం మూయకండి



పోయిన నెల కమిటీ మీటింగులో మన భవనం వెనక ఉండే రేకుల షెడ్డు మాట వచ్చింది. దాన్ని ఖాళీ చేసి, కల్యాణాలకు వచ్చే వంట కాంట్రాక్టరుకు సామాన్లు పెట్టుకోవటానికి ఇస్తే నెలకు 18,000 రూపాయలు బాడుగ వస్తుందని కోశాధికారి అన్న లెక్క చూపించినారు. లెక్కలో తప్పేమీ మాకు అగుపడలేదు. ఆ షెడ్డులో ఇప్పుడు ఉండేవి మా ఎర్ర కారు, ఒక చెక్క బల్ల, ఒక వైస్, రెండు పనిముట్ల పెట్టెలు, ఆదివారం పూట వచ్చే ఏడెనిమిది మంది పిల్లకాయలు. ఒక అన్న లేచి, "అది కారా, ఆటబొమ్మా? గుజిరీకి వేసేయండి" అన్నారు. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము. ఇంటికి వచ్చినాక మాత్రం నిద్ర పట్టలేదు. మాకు నలుగురిలో మాట్లాడటం కంటే రాయటం సులువు, అందుకే ఇది.

మేము అంటే ఇద్దరం. ఒకరు రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా రిటైర్ అయినవారు, ఇంకొకరు ఆ గుమాస్తాను ఇన్నేళ్ళు భరించినవారు. రాసేది ఒకరే అయినా, రెండోవారు చదివి సగం కొట్టేసినాకే మీ దగ్గరికి వస్తుంది. ఇద్దరమూ తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు మాకు ఇంటి మాట. అక్షరాలు బెంగుళూరుకు వచ్చినాక, సినిమా పోస్టర్లు కూడబలుక్కొని నేర్చుకొన్నవి. తప్పులుంటే దిద్దండి.

ముందు కారు సంగతి చెప్తాము. అది మాలో ఒకరికి తమ్ముడు, ఒకరికి బామ్మరిది అయినవానిది. పీణ్యాలో టూల్ రూములో పని చేసేవాడు, పెళ్ళి చేసుకోలేదు. 2009లో సెకండ్ హ్యాండులో ఈ కారు కొన్నాడు. 2021 మే నెలలో, ఆ పాడు కాలంలో, పోయినాడు. కారు అతని అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో గుడ్డ కప్పుకొని ఉండిపోయింది. మనిషే పోయినాక కారు ఎందుకు అని మేమూ అనుకొన్నాము. ఒక రోజు తాళం తీసి చూస్తే సీటు కింద అతని చెప్పులు ఉన్నాయి. ఆ తరువాత అమ్మే మాట మా ఇంట్లో రాలేదు.

కారు పేరు శాన్ స్టార్మ్. మనలో చాలామందికి ఈ పేరే తెలియదు. పరదేశపు కారు అనుకొంటారు, కాదు, మన బెంగుళూరు కంపెనీదే. శాన్ అంటే రైల్వేవాళ్ళకు బాగా తెలిసిన పేరు. ఫ్యాక్టరీల సైడింగుల్లో వ్యాగన్లు లాగే చిన్న డీజిల్ షంటింగ్ ఇంజన్లు చేసే కంపెనీ. రైలు ఇంజన్లు చేసేవాళ్ళు తొంభైల చివర, రెండే సీట్లు ఉండి పైకప్పు మడిచి పెట్టుకొనే స్పోర్ట్స్ కారు చేయాలనుకోవటమే ఒక విచిత్రము. రూపం ఫ్రెంచివాళ్ళ చేత గీయించినారు. ఇంజను రెనోది, 1149 సీసీ, సుమారు 60 హార్స్‌పవరు. ఈ కాలపు స్విఫ్ట్‌కు అంతకంటే ఎక్కువే ఉంటుంది. కాని దీని ఒంటి మీద ఇనుప రేకు లేదు, అంతా ఫైబర్‌గ్లాస్. తలుపుకు అయస్కాంతం పెడితే జారి కింద పడుతుంది. కొద్ది కార్లే చేసినారు, తరువాత ఆపేసినారు.

ఇట్లాంటి కార్లకు పెద్ద ఇంజను అక్కర లేదు, బరువు తీసేస్తే చాలు. ఇంగ్లండులో 1957లో లోటస్ సెవెన్ అని ఒకటి వచ్చింది. దాన్ని విడి భాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మినారు, కొన్నవాళ్ళే ఇంట్లో బిగించుకోవాలి. కారణం ఇంజనీరింగు కాదు, టారిఫ్! పూర్తిగా బిగించిన కారుకు కొనుగోలు పన్ను ఉండేది, విడి భాగాలకు లేదు. బిగించే పద్ధతి రాసి ఇస్తే పన్ను పడుతుందని, విప్పే పద్ధతి రాసి ఇచ్చేవారనీ, కొన్నవాళ్ళు దాన్ని కిందినుంచి పైకి చదువుకొనేవారనీ ఒక కథ చెప్తారు. నిజమో కాదో గాని, టారిఫ్ పుస్తకాలతో బ్రతికిన మాకు ఆ కథంటే నిండా ఇష్టము. మన దేశంలోనూ ముంబయి వైపు చింకారా అనే రోడ్‌స్టర్ ఒకటి, ఆ లోటస్ పోలికలోనే, అంబాసిడర్‌లో వచ్చిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజనుతో చేసినారు. మా స్టార్మ్ పెట్టెలో వచ్చింది కాదు, కంపెనీ బిగించి అమ్మినదే. కాని చేసినవాళ్ళు ఆపేసినాక అన్నీ ఒకటే. సర్వీసు సెంటరు లేదు, స్పేర్ల పుస్తకం లేదు, అడిగితే చెప్పేవాడు లేడు. మనమే విప్పి, మనమే తెలుసుకోవాలి.

కారు తెచ్చిన మొదటి రోజే మేము పెద్ద తప్పు చేసినాము. రెండు నెలలు తక్కువగా ఒక ఏడాది నిలిచిపోయిన కారు. కొత్త బ్యాటరీ వేసి, ఆశ కొద్దీ తాళం తిప్పినాము. ట్యాంకులో పాత పెట్రోలు వార్నిష్ వాసన కొడుతూ ఉంది. ఇప్పటి పెట్రోలులో ఎథనాల్ కలుస్తుంది, అది గాలిలో తేమను పీల్చుకొంటుంది. మేము తిప్పిన నాలుగు తిప్పులకు అడుగున ఉండే మడ్డి అంతా పంపులోకి, ఫిల్టరులోకి, అక్కడినుంచి ఇంజెక్టర్లలోకి పోయింది. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, కొత్త ఫిల్టరు వేసి, ఎండి పగుళ్ళు ఇచ్చిన రబ్బరు గొట్టాలన్నీ మార్చి, ఆ తరువాత తాళం తిప్పి ఉంటే ఇంజెక్టర్ల ఖర్చు తప్పేది. ఎవరి ఇంట్లోనైనా చాలా కాలం నిలిచిన బండి ఉంటే, స్కూటరైనా సరే, తాళం ముట్టుకోకముందు పెట్రోలు వాసన చూడండి.

ఇంజను నడిచింది. అప్పుడు మొదలైంది అసలు తలనొప్పి.

బ్రేకు తొక్కితే వెనక ఎడమ పక్క ఇండికేటరు మినుకుమినుకుమని వెలిగేది. హెడ్‌లైటు వేసి ఇండికేటరు వేస్తే ఆ పక్కన ఉండే దీపాలన్నీ ఒకటి ఆరితే ఒకటి వెలిగేవి, పెళ్ళి పందిట్లో సీరియల్ సెట్టు మాదిరి. ఒక గ్యారేజీకి తీసుకుపోయినాము. వాళ్ళు బల్బులు తీసి ఎల్.ఇ.డి. వేసినారు, ఒక రిలే కొత్తగా కట్టినారు, 6,800 తీసుకొన్నారు. వారం దినాలు బాగుండి మళ్ళీ అదే ఆట. రెండోసారి పోతే స్విచ్చు పోయింది, అది దొరకదు, కారు అమ్మేయండి అన్నారు.

అప్పుడు ఆ కారును మన షెడ్డుకు తెచ్చినాము. 2022లో అప్పటి కార్యదర్శి తమ్ముడు మాట మీదనే ఒప్పుకొన్నాడు.

పార్సెల్ ఆఫీసులో మాకు రోజూ వచ్చే ఫిర్యాదు "సామాను చేరలేదు" అనేదే. కొత్తగా చేరిన గుమాస్తా అయితే రైలంతా వెతకాలనుకొంటాడు. పాతవాడు కుర్చీలోంచి లేవడు. వే బిల్లు తీసి, ఏ స్టేషనులో సంతకం ఉంది, ఏ స్టేషనులో లేదు అని చూస్తాడు. చివరి సంతకానికీ మొదటి ఖాళీకీ నడుమనే సామాను ఉంటుంది. జోలార్‌పేటలో సంతకం ఉండి బంగారపేటలో లేకపోతే, మద్రాసులో వెతికి ఏమి లాభము? కరెంటు సంగతీ అంతే అని మాకు తోచింది. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చు, బల్బు, అన్నీ స్టేషన్లే. ఎస్.పి. రోడ్డులో ఒక మల్టీమీటరు కొన్నాము. రెండు ఆదివారాలు ఒకరు లోపల కూర్చొని బ్రేకు తొక్కటం, ఒకరు వెనక నిలబడి వోల్టులు చదవటం. ఫ్యూజు దగ్గర పన్నెండు, స్విచ్చు దాటినాక పన్నెండు, బల్బు హోల్డరు దగ్గర పన్నెండు. అన్ని స్టేషన్లలోనూ సంతకం ఉంది. అయినా దీపం సరిగ్గా వెలగదు. సామాను చేరింది, కాని చేరలేదు!

మూడో ఆదివారం మెస్సు నడిపే అక్క కూతురు వచ్చింది. పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. ఊరికే నిలబడి చూస్తూ ఉన్న పాప, "పెద్దనాన్నా, పోయే దారే చూస్తున్నారు, తిరిగి వచ్చే దారి చూసినారా?" అని అడిగింది.

ఆ మాట మాకు ముందే తోచి ఉండాలి. గూడ్స్ లెక్కల్లో లోడు వ్యాగను పోయిందా అని అందరూ అడుగుతారు, ఖాళీ వ్యాగను తిరిగి వచ్చిందా అని అడిగేవాళ్ళు తక్కువ. ఖాళీలు రాకపోతే లోడింగు నిలిచిపోతుంది. ఇనుప బాడీ కారులో కరెంటు తిరిగి రావటానికి వేరే దారి అక్కర లేదు, బాడీ అంతా దారే. బల్బు హోల్డరు రేకుకు తగిలితే చాలు. ఫైబర్‌గ్లాసులో కరెంటు పారదు. అందుకే ఒక్కొక్క దీపానికీ ఒక నల్ల తీగ వేసి, అవన్నీ ఒక చోట చేర్చి, కింద ఛాసిస్ ఇనుముకు ఒక స్క్రూతో బిగిస్తారు. ఆ ఒక్క స్క్రూ కింద తుప్పు పడితే కరెంటుకు దారి లేదు. దారి లేని కరెంటు ఊరుకోదు, పక్క బల్బులోంచి దూరి వేరే దారిన ఇల్లు చేరుకొంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు మినుకుమన్నది అందుకే.

పాప చెప్పినట్టు దీపం వేసి ఉంచి, దాని నల్ల తీగకూ బ్యాటరీ మైనసుకూ నడుమ వోల్టులు చూసినాము. దారి బాగుంటే దాదాపు సున్నా ఉండాలి. నాలుగుకు పైన చూపించింది. వెనక డిక్కీ కార్పెట్టు కింద, మూలలో, ఆ స్క్రూ ఉంది, పచ్చగా, ముద్దగా. విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, కొత్త స్టార్ వాషరు వేసి, పైన కొంచెం వాజిలిన్ పూసినాము. మొత్తం ఇరవై రూపాయలు. ఇది కారు చేసినవాళ్ళ తప్పు కాదు. ఇరవై ఏండ్లు తేమలో ఉంటే ఏ స్క్రూ అయినా తుప్పు పడుతుంది. ఎల్.ఇ.డి.లు, రిలే తీసి అవతల పెట్టినాము.

ఇప్పుడు సిగ్గు పడవలసిన సంగతి. ఆ రోజు రాత్రి బామ్మరిది సామాన్ల పెట్టెలో ఒక నలభై పేజీల నోటు పుస్తకం దొరికింది. కారుకు ఏమి చేసినా తేదీ వేసి రాసుకొన్నాడు, అంతా తమిళంలో. 2014 ఆగస్టులో ఒక లైను: "పిన్ విళక్కు, ఎర్త్, తురు." వెనక దీపం, ఎర్త్, తుప్పు. కింద ఆ స్క్రూ ఎక్కడ ఉందో బొమ్మ కూడా వేసినాడు. తమిళం చదివే ఇద్దరం ఇంట్లో ఉండి, ఆ పెట్టె మంచం కింద పెట్టుకొని, ఆ మూడు ఆదివారాలు, ఆ 6,800, అన్నీ పోగొట్టుకొన్నాము. ముప్పై ఏండ్లు రిజిస్టర్లు రాసిన మనిషికి, ముందు పాత రిజిస్టరు చూడాలి అని తోచలేదు.

ఆ నోటు పుస్తకం మా పిల్లలు చదవలేరు. షెడ్డుకు వచ్చే పిల్లకాయలు చదవలేరు. వాళ్ళవి ఇంగ్లీషు మీడియం, కన్నడం కొంచెం, తెలుగు ఇంట్లో మాట. అందుకే దాన్ని ఇప్పుడు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తిరగరాస్తూ ఉన్నాము. పదిహేడు పేజీలు అయినాయి. పాప పక్కన కూర్చొని బొమ్మలు వేస్తుంది. మేము పోయినాక ఆ కారు ఎవరి చేతికి పోయినా, పుస్తకం దానితో పోవాలి.

మిగతా రోగాలు త్వరగా చెప్తాము. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్కులో వేడి ముల్లు పైకి పోయింది. ఫ్యానుకు నేరుగా బ్యాటరీ తగిలిస్తే తిరిగింది, అంటే ఫ్యాను బాగుంది. రేడియేటరు దగ్గర ఉండే వేడి స్విచ్చు తీగలు రెండూ కలిపితే తిరిగింది, అంటే తీగలూ రిలే బాగున్నాయి. మిగిలింది స్విచ్చు ఒక్కటే. పది నిమిషాల పని. అది కొత్తది తెచ్చి వేసినాము, ఇప్పుడు ఎండాకాలంలో కూడా ముల్లు నడుమ దాటదు. వానాకాలంలో కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిచేవి. అందరూ పైగుడ్డ మీద అనుమానపడినారు. దినత్తంది కాగితాలు నేలంతా పరిచి, గొట్టంతో నీళ్ళు కొడుతూ, ఏ పేజీ ముందు తడుస్తుందో చూసినాము. సినిమా పేజీ ముందు తడిసింది. నీళ్ళు ముందు అద్దం కింది రబ్బరులోంచి వస్తున్నాయి, పైగుడ్డ నిరపరాధి.

ఫైబర్ చీలికలకు మన టింకరింగువాళ్ళ సుత్తి పనికిరాదు. పుట్టీ పెట్టి రంగు వేస్తే నాలుగు నెలల్లో మళ్ళీ అక్కడే చీలుతుంది. చీలిక చివర చిన్న రంధ్రం వేసి ఆపాలి, వెనకనుంచి గరుకు చేసి, గ్లాసు గుడ్డ, రెసిన్ పొరలు పొరలుగా వేయాలి. పని కష్టం కాదు, ఓపిక కావాలి, గాలి ఆడే చోటు కావాలి. అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో ఆ వాసనకు వాచ్‌మనే తరిమేస్తాడు. షెడ్డు ఎందుకు అని అడిగేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోండి.

స్పేర్ల గురించి ఒక మాట. జె.సి. రోడ్డులో అంగడికి పోయి "శాన్ స్టార్మ్‌కు కావాలి" అంటే నవ్వి, టీ తాగి పొమ్మంటారు. కారు పేరు ఎత్తకూడదు. పాత వస్తువు సంచిలో పెట్టుకొని పోయి బల్ల మీద పెట్టాలి. "ఇట్లాంటిది ఇవ్వు" అంటే, ఆ అంగడి పెద్దాయన అద్దాలు పైకి జరిపి, చేతిలో తిప్పి చూసి, మూడో అరలోంచి ఏదో తీస్తారు. చిన్న కంపెనీలు అన్నీ తామే చేసుకోవు, వేరే కార్ల వస్తువులే తెచ్చి బిగిస్తాయి. ఇంజను భాగాలు మాత్రం యూరప్‌లో రెనో ట్వింగో, క్లియోలలో అదే ఇంజను వచ్చింది కాబట్టి, భాగం నంబరు పెట్టి ఇంటర్‌నెట్‌లో తెప్పించుకొంటాము. కస్టమ్స్ సుంకం వేరే. ఇప్పటిదాకా ఈ కారు మీద పెట్టినది 1,46,000 రూపాయలు, పెన్షన్ డబ్బు, బిల్లులు ఉన్నాయి. అది తెలివైన ఖర్చు అని మేము చెప్పము.

కాగితాల సంగతికి వస్తే, అది మా ఇలాకా. కారు 2002 రిజిస్ట్రేషను. పదిహేనేళ్ళకు ఒకసారి, ఆ తరువాత అయిదేళ్ళకు ఒకసారి తిరిగి చేయించాలి. యజమాని చనిపోతే ఫారం 31, రెన్యూవలుకు ఫారం 25. మేము పోయిన సమయానికి రుసుము 600 నుంచి 5,000 అయి ఉంది. ఒక ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగారు బానెట్టు మీద తట్టి, "ఇది ప్లాస్టిక్కు కదా, ఆల్టరేషను చేసినారా?" అని అడిగినారు. ఆయన అడగటంలో తప్పు లేదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు, కంపెనీ ఇచ్చిన రూపం మార్చిన బండికి రిజిస్ట్రేషను లేదు అని గట్టిగా చెప్పింది, మోటారు వాహనాల చట్టం సెక్షను 52 ప్రకారం. కంపెనీయే ఇట్ల చేసింది అని ఆర్.సి., పాత ఇన్‌వాయిసు, ఇంజను నంబరు చూపించి ఒప్పించేసరికి రెండు దినాలు పట్టింది. ఇప్పుడు 2027 దాకా ఉంది. 2025లో వచ్చిన కొత్త నిబంధనతో ఇరవై ఏండ్లు దాటిన కారుకు రుసుము 10,000. యాభై ఏండ్లు దాటితే వింటేజి అని వేరే గౌరవం ఉంది. ఇరవైకీ యాభైకీ నడుమ ఉండేది ముసలిదే గాని పెద్దరికం లేనిది. మా వయసు మనుషులకు అది బాగా అర్థమవుతుంది.

పాత కార్లన్నీ ఉంచాలి అని మేము వాదించము. పొగ కక్కేవి పోవలసిందే. కాని ఇంట్లో ఒకరు కిట్ బిగించి కారు చేసినా, దానికి రోడ్డు మీద నంబరు రావటం మన దేశంలో దాదాపు జరగని పని. ఏ మోడలుకైనా ముందు నమూనా బండిని పరీక్షకు ఇచ్చి ఒప్పుదల తెచ్చుకోవాలి, ఆ ఖర్చు కంపెనీలు భరించేది. అప్పుడు మనవంటివాళ్ళ పిల్లకాయలు కారు లోపల ఏముందో చూసేది ఎక్కడ? ఇప్పటి కారు బానెట్టు తెరిస్తే నల్ల ప్లాస్టిక్కు మూత తప్ప ఏమీ అగుపడదు. మా కారులో స్క్రూ అగుపడుతుంది, తీగ అగుపడుతుంది, తప్పు చేసినా ప్రాణం మీదికి రాదు. బ్రేకుల పని మాత్రం పిల్లకాయల చేత చేయించము, అది తెలిసిన మెకానిక్కు పని.

ఇక మన సంఘం సంగతి. ప్రతి మార్చి 23వ తేదీన మన హాల్లో జి.డి. నాయుడుగారి పటానికి మాల వేస్తాము. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన మనిషి, మన భాష మాట్లాడిన మనిషి, బడి చదువు పెద్దగా లేని మనిషి. ఒక దొర మోటారు సైకిలు చూసి, హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ రడ్జ్ బండినే 300 రూపాయలకు కొని, తొక్కటానికి ముందు విప్పి చూసినాడు. 1952లో రెండు సీట్ల చిన్న పెట్రోలు కారు చేసినాడు, 2,000 రూపాయల్లో ఇవ్వవచ్చు అన్నాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, ఆగిపోయింది. ఉపన్యాసంలో ఈ మాట చెప్పగానే అందరూ చప్పట్లు కొడతాము, తరువాత భోజనాలకు లేస్తాము.

అదే కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ ఇంటి అబ్బాయి కరివర్ధన్. 1988లో మారుతి 800 ఇంజను తీసి, ఒంటి సీటు రేసు కారు చేసి, ఫార్ములా మారుతి అని పేరు పెట్టి, తక్కువ డబ్బుతో పిల్లకాయలు రేసు నేర్చుకొనేటట్టు చేసినాడు. ఆ కార్లలో మొదలుపెట్టిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో బండి తోలినాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయినాడు, నలభై చిల్లర వయసు. చెట్టిపాళయంలో ఉండే ట్రాకుకు అతని పేరే. మేము ఒకసారి పోయి చూసి వచ్చినాము. ట్రాకు కంటే పక్కన ఉండే వర్క్‌షాపులే మాకు బాగున్నాయి, నూనె మరకల చేతులతో అబ్బాయిలు నేల మీద పడుకొని పని చేస్తున్నారు. ఆ ఇద్దరికీ డబ్బు ఉండింది, ఒకరు సంపాదించినది, ఒకరికి ఇంటినుంచి వచ్చినది. కాని ఇద్దరికీ పని చేసుకొనే చోటు కూడా ఉండింది. మన పిల్లకాయలకు అద్దె ఇండ్లలో మంచం వేసుకొనే చోటే గతి.

మీటింగులో వచ్చిన అభ్యంతరాల్లో ఒకటి న్యాయమైనది, దాన్ని ఒప్పుకొంటాము. సంఘం స్థలంలో ఒకరి సొంత కారు ఎందుకు ఉండాలి? ఉండకూడదు. 2022లో మాట మీద పెట్టుకొన్నాము, కాగితం లేదు. గుమాస్తాగా పని చేసినవాళ్ళం కాగితం లేకుండా పెట్టుకోవటం మా తప్పు. ఈ నెలాఖరులోగా కారును కె.ఆర్. పురం దగ్గర ఒక బాడుగ గ్యారేజీకి మారుస్తాము, మాట్లాడి ఉంచినాము. ఇన్ని నెలలకు నెలకు వెయ్యి వంతున 48,000 సంఘానికి కట్టి రసీదు తీసుకొంటాము. రెండు కంతులు అడుగుతాము, అంతే.

గదిని మాత్రం మూయకండి. కాంట్రాక్టరుకు సగం షెడ్డు చాలు అని మాకు తోస్తుంది, అతని అండాలు చూసినాము. నడుమ ఒక ఇనుప జాలీ వేస్తే ఇటు బల్ల, అటు సామాన్లు. బాడుగ 18,000 రాదు, తగ్గుతుంది. ఆ తగ్గేది నష్టమే, కాదని చెప్పము. నిప్పు భయం అన్నారు; పెట్రోలు అక్కడ నిలువ పెట్టము, ఆర్పే సిలిండరు మేము కొని పెడతాము, తాళం చెవి ఇద్దరు కమిటీ సభ్యుల దగ్గర ఉంటుంది, వచ్చినవాళ్ళు పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి రావాలి. ఆడపిల్లలు వస్తున్నారు కాబట్టి తలుపు తెరిచే ఉంటుంది, మాలో ఒకరు ఎప్పుడూ అక్కడే కూర్చొని ఉంటారు, వత్తులు చేసుకొంటూ అయినా సరే.

దీనితో అందరు పిల్లకాయలూ జి.డి. నాయుడు అయిపోతారని మేము ఆశ పెట్టము. మొదట పదిహేను మంది వచ్చినారు, ఇప్పుడు ఎనిమిది. ఒక అబ్బాయి రెండు వారాలు వచ్చి, బోరు కొడుతుందని క్రికెట్టుకు పోయినాడు, పోనివ్వండి. మెస్సు అక్క కూతురు పోయిన నెల ఇంటి మోటారు పంపు తానే విప్పి, కెపాసిటరు పోయిందని కనుక్కొని, మార్చింది. మెస్సులో ఆ రోజు మధ్యాహ్నం నూట ఇరవై మందికి భోజనం ఆగలేదు. ఆ అక్క మీటింగుకు రారు, ఆదివారం ఆమెకు పని ఎక్కువ. అందుకే ఆమె తరఫున కూడా ఇక్కడ రాస్తున్నాము.

వచ్చే ఆదివారం పదకొండు గంటలకు సర్వసభ్య సమావేశము. మేము తొమ్మిదింటికే షెడ్డు తెరుస్తాము. కుడి పక్క తలుపు కింద జానెడు చీలిక ఒకటి ఉంది, కారు పోయేలోపల దాన్ని వెనకనుంచి అతికించాలి. ఓటు వేసే ముందు ఒకసారి వచ్చి చూడండి. పాత లుంగీ గుడ్డలు ఉంటే తీసుకొని రండి, రెసిన్ చేతికి అంటితే సులభంగా పోదు.